ఫాంటసీ ఆటలో విషం పెట్టాలంటే: గేమ్ మాస్టర్లకు ఒక పద్ధతి

ఆట కొంచెం ముదిరాక ఎవరో ఒకరు అడిగి తీరతారు: "నా బాకుకి విషం పూసుకోవచ్చా?" సరే అన్నారా, ఇక ప్రతి పోరాటానికీ ముందు సీసా మూత తీస్తూనే ఉంటారు. కుదరదన్నారా, "నిప్పులగోళం విసిరి గుడిసెతో సహా పదిమందిని మాడ్చినప్పుడు నోరెత్తలేదు, ఇప్పుడు నీతులా?" అని ఎదురు తిరుగుతారు. ఆ మాటలో న్యాయం ఉంది కాబట్టే జవాబు చెప్పడం కష్టం.

బల్ల చుట్టూ కూర్చుని డైస్ వేస్తూ ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటల్ని నడిపించేవాళ్ల కోసం రాస్తున్నాను. ఉదాహరణలు మన డెల్టావే. ధవళేశ్వరం దగ్గర గౌతమి, వశిష్ఠలుగా చీలి, కింద వైనతేయని కూడా కలుపుకుని సముద్రం దాకా పరుచుకున్న గోదావరి, మధ్యలో లంకలు, రేవుల్లో మనుషుల్ని ఏరు దాటించే పంట్లు, ఏటిగట్ల వెంట కొబ్బరితోటలు. వీటికి రెండు కోటలు, నలుగురు మంత్రగాళ్లు కలిపితే మీ లోకం సిద్ధం. ఎక్కడివో మంచుకొండలు అరువు తెచ్చుకోవాల్సిన పని లేదు.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. విషాన్ని దెబ్బలా కాదు, గడువులా ఆడించండి. ఒక్క డైస్‌తో తేలిపోయే విషం వల్ల కథకి ఒరిగేదేమీ లేదు. మెల్లగా ఎక్కే విషమైతే అందరూ ఏదో ఒకటి నిర్ణయించుకోవాలి. మంచీ చెడ్డా బయటపడేది కూడా అప్పుడే.

1. ముందు మనుషులతో మాట్లాడండి

రూల్స్ తర్వాత. పురుగుల మందు తాగి పోయినవాళ్ల జ్ఞాపకం మన పల్లెల్లో చాలా ఇళ్లలో ఉంటుంది. మీ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లలో ఎవరింట్లో ఏం జరిగిందో మీకు తెలియకపోవచ్చు. అందుకని విషం ఉన్న కథ మొదలుపెట్టే ముందు ఒక్కొక్కరికీ విడిగా వాట్సాప్‌లో ఒక మాట పెట్టండి: "వచ్చే కథలో విషప్రయోగం ఉంటుంది. ఇబ్బందైతే చెప్పు, తీసేస్తా." వద్దన్నవాళ్లని ఎందుకని అడగకండి. గ్రూపులో అందరి ముందూ అడిగితే ఎవరూ వద్దనరు, కాబట్టి విడిగానే అడగాలి.

ఇంకో నియమం కూడా పెట్టుకోండి. బల్ల మీద నిజం విషాల పాళ్లు, తయారీ మాటలు రాకూడదు. ఉమ్మెత్త, గన్నేరు పేర్లు పెరట్లోనే దొరుకుతాయి, అయినా కథకి వాటి అవసరం లేదు. పేర్లు మీరే పుట్టించండి. 'నల్లవాన', 'రేవునిద్ర', 'మూడోజాము'. 'మూడోజాము' అనగానే అది ఎప్పుడు పని చేస్తుందో ఆటగాడికి సగం అర్థమైపోతుంది.

2. ఉన్న రూల్స్ ఏం చేస్తున్నాయో లెక్కవేసి చూడండి

ఈ తరహా ఆటల్లో మొదటిదైన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చింది. ఆ తొలి రోజుల ఆటల్లో విషమంటే సేవింగ్ త్రో, అంటే ప్రమాదం తప్పించుకోవడానికి వేసే డైస్, వేయడమే, తప్పితే పాత్ర పోయినట్టే. తప్పించుకునే అవకాశం నూటికి 65 ఉందనుకోండి. బాగానే ఉందనిపిస్తుంది. అలాంటి విషం ఐదుసార్లు ఎదురైతే పాత్ర బతికుండే అవకాశం నూటికి 12 కూడా ఉండదు. పాపం ఆటగాడు చేసిన తప్పేమీ లేదు, పెట్టె మూత తీశాడంతే. అందుకే ఆ రోజుల్లో ఆడినవాళ్లు తలుపు గడియని కూడా పది అడుగుల కర్రతో పొడిచి చూసేవారు.

2000లో వచ్చిన మూడో ఎడిషన్ దీన్ని రెండు విడతలు చేసింది. తగిలిన వెంటనే ఒక రోల్, నిమిషం తర్వాత మరొకటి. చాలా విషాలకి ప్రాణం బదులు బలమో చురుకుదనమో తగ్గేది. శిక్షణ లేనివాడు కత్తికి పూస్తుంటే నూటికి 5 వంతులు తనకే అంటుకునే ప్రమాదం. కూడికలు, తీసివేతలు తలనొప్పే గానీ, ఆలోచన ఉన్న పద్ధతి అదేనని నా అభిప్రాయం.

ఇక 2014 నాటి ఐదో ఎడిషన్‌కి వద్దాం. మామూలు విషం సీసా ఖరీదు 100 బంగారు నాణేలు. పూయడానికి ఒక యాక్షన్, అంటే పోరాటంలో తన వంతుకి చేసే పని, పోతుంది. నిమిషంలో, అంటే 10 రౌండ్లలో ఆరిపోతుంది. తగిలినవాడు కాన్‌స్టిట్యూషన్ (ఒంటికి తట్టుకునే శక్తి) సేవింగ్ త్రోలో 10 తెచ్చుకోవాలి, లేకపోతే నాలుగు ముఖాల డైస్ ఎంత చూపిస్తే అంత దెబ్బ. శత్రువుకి ఆ శక్తి +2 ఉంటే ఇరవై ముఖాల డైస్ మీద 7 లేదా అంతకంటే తక్కువ పడితేనే తప్పుతాడు, అంటే నూటికి 35. సగటు దెబ్బ రెండున్నర. రెండూ గుణిస్తే పోటుకి ఒక్క పాయింటు కూడా అదనంగా రాదు. 15 నాణేలకి కొన్న పొడుగు కత్తి ఏ విషమూ లేకుండానే సగటున నాలుగున్నర ఇస్తోంది! పైగా ఎముకల గూళ్లకి, జాంబీలకి విషం ఎక్కనే ఎక్కదు.

కాబట్టి "పూసుకోవచ్చా" అని అడిగినవాడికి రూల్స్ ప్రకారం సరే అనేయండి. రెండు ఆటల్లో వాడే మానేస్తాడు. మీరు రాయబోయే విషం వేరు.

3. గడువు కాగితం గీయండి

ఒక చిన్న కాగితం మీద ఆరు గడులు గీసి, అందరికీ కనపడేలా బల్ల మధ్యలో పెట్టండి. దాచకండి. గడులు నిండుతుంటే చూడటంలోనే సగం టెన్షన్ ఉంది.

విడత వచ్చిన ప్రతిసారీ విషం ఎక్కినవాడు ఇరవై ముఖాల డైస్ వేసి కాన్‌స్టిట్యూషన్ కలుపుకోవాలి. 13 వస్తే ఆ విడత గడి నిండదు. తప్పితే ఒక గడి, 5 లేదా అంతకంటే ఎక్కువ తేడాతో తప్పితే రెండు గడులు నిండుతాయి. రెండు నిండాక ఆటలో 'పాయిజన్డ్' అనే స్థితి, అంటే కత్తి విసురూ, నైపుణ్యం రోల్సూ తడబడతాయి. నాలుగు నిండితే లేచి నిలబడలేడు. ఆరు నిండితే స్పృహ పోయి చావు అంచున ఉంటాడు. +2 ఉన్న పాత్రకి ఆరూ నిండటానికి సగటున ఏడెనిమిది విడతలు పడుతుంది. కథ నడవడానికి అది సరిపోయే సమయం.

విడత ఎంతసేపనేది విషం లోపలికెళ్లిన దారిని బట్టి ఉంటుంది. పీలిస్తే నిమిషం, గాయంలోంచి అయితే అరగంట, తిండిలోంచి అయితే రెండు గంటలు, చర్మంలోంచి అయితే పూట. పక్కన వైద్యం తెలిసిన పాత్ర ఉంటే ఆ విడత రోగి బదులు ఆ పాత్ర రోల్ వేయొచ్చు, కాకపోతే అప్పుడు ఇంకే పనీ చేయకూడదు. విరుగుడు పడితే గడులు నిండటం ఆగుతుంది, నిండినవి చెరిగిపోవు. వాటికి విశ్రాంతే మందు, రోజుకి ఒక గడి చొప్పున. ఈ నియమం సడలించకండి. ఒక్క గుక్కతో గంతులేసే విరుగుడు ఉంటే గడువు కాగితానికి అర్థమే ఉండదు.

ఇప్పుడు దీన్ని లంకలో పెట్టి చూద్దాం. వరద రోజులు. బృందాన్ని తీసుకొచ్చిన పడవ సరంగుని రాత్రి పాకలో పాము కరిచింది. విడత అరగంట, అంటే ఆరు గడులూ నిండటానికి నాలుగు గంటలకి అటూఇటూగా. వైద్యురాలు అవతలి గట్టున ఉంది. పంటు ఆపేశారు. సఖినేటిపల్లి రేవులో నిలబడి నరసాపురం వైపు చూసినవాళ్లకి వశిష్ఠ వెడల్పు గురించి నేను చెప్పనక్కర్లేదు. చిన్న దోనెలో దాటితే రెండు విడతలు, కానీ మునిగే ప్రమాదం. పైకెళ్లి లంక తల దగ్గర పాయ సన్నబడిన చోట దాటి, ఏటిగట్టు మీదుగా వెనక్కి వస్తే ఆరు విడతలు. ఇక్కడే ఉండి ఆకుపసర్లతో నెట్టుకొస్తే ఏమవుతుందో తెలియదు. మీరు చేయాల్సిందల్లా ఈ మూడూ చెప్పి ఊరుకోవడమే. ఆటగాళ్లు వాళ్లలో వాళ్లే కొట్టుకుంటారు.

మధ్యలో గడి నిండినప్పుడల్లా ఒక్క వాక్యం చాలు. "సరంగు మాట ముద్దగా వస్తోంది. 'దీపం ఎందుకు తగ్గించారు' అంటున్నాడు. దీపం ఎవరూ తగ్గించలేదు." కట్లపాము కాటు లక్షణాలు తెలిసినవాళ్లకి ఇది ఎక్కడిదో అర్థమవుతుంది. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది, చాలాసార్లు నొప్పే తెలియదు, తర్వాత కనురెప్పలు వాలిపోతాయి. రక్తపింజర వేరు, దాని విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. డాక్టర్లు గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డ కట్టిందా లేదా అని చూస్తారు. మీ ఆటలో వైద్యురాలి చేత ఈ పరీక్ష చేయించండి. ఆ 20 నిమిషాలూ పాత్రలు ఏం మాట్లాడుకుంటాయో వినండి, ఆ రాత్రికి అదే మంచి ఘట్టమవుతుంది.

విరుగుడు కోసం కూడా నిజం వైపే చూడొచ్చు. పాము విషానికి వాడే యాంటీవెనమ్‌ని గుర్రాలకి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తంలోంచి తీస్తారు. అంటే విరుగుడు కావాలంటే ముందు విషం కావాలి. "ఆ పాముని ప్రాణాలతో పట్టుకురండి" అని వైద్యురాలు అడిగిందంటే మీకు వచ్చే రెండు ఆటలకి సరిపడా కథ దొరికినట్టే.

ఆట పక్కన పెట్టి ఒక మాట. మీ లోకంలో పాము మంత్రం పని చేయొచ్చు, గాయం కోసి రక్తం పీల్చే వీరుడు ఉండొచ్చు. నిజంగా పాము కరిస్తే కోయకండి, పీల్చకండి, బిగించి తాడు కట్టకండి. కరిచిన చోటు కదలకుండా చూసి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆటలో చూసింది మనసులో నాటుకుంటుంది, అందుకే చెబుతున్నాను.

4. తినకముందే సూచన ఇవ్వండి

"నువ్వు తిన్నావు, అందులో విషం ఉంది, రోల్ వెయ్" అనడం గేమ్ మాస్టర్ చేసే పనుల్లో అన్నిటికంటే చవకబారుది. చూడగలిగితే దొరికే సూచన ఒక్కటైనా ముందు ఉండాలి. దొరకకపోతే అది ఆటగాడి అదృష్టం.

సూచనలకి కౌటిల్యుడి అర్థశాస్త్రం గని. రాజు తినే ముందు ఆహారాన్ని నిప్పులోనూ పక్షులకీ వేసి చూడమంటుంది. మంట నీలంగా మారి చిటపటలాడితే విషమట. విషం దగ్గరుంటే చకోర పక్షి కళ్లు రంగు మారతాయట. అన్నింటికంటే పనికొచ్చేది విషం పెట్టినవాడి లక్షణాల పట్టిక: నోరు ఎండిపోవడం, మాట తడబడటం, చెమట, ఆవలింతలు, అటూఇటూ చూడటం, ఉన్నచోట నిలవలేకపోవడం. ఇవి శాస్త్రీయంగా నిలుస్తాయా అన్నది వేరే సంగతి, ఆటలో మాత్రం అద్భుతంగా నిలుస్తాయి. మీ జమీందారు కొలువులో పంజరంలో ఒక చకోరాన్ని పెట్టి, దాని గురించి రెండు ఆటల ముందే మాట్లాడి వదిలేయండి.

విందు పెట్టదలిస్తే పెళ్లి బంతిని మించింది లేదు. అరిటాకులు, వరసగా వడ్డన, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో అందరికీ గుర్తుండే ఏర్పాటు. పనసపొట్టు కూర అందరికీ ఒకే గిన్నెలోంచి వచ్చింది. బూరెలు రెండో బంతికి వేరే వాయి. పులుసు వడ్డించినవాడు మధ్యలో మారాడు. మొదటి బంతిలో తిన్న నలభైమందికి ఏమీ కాలేదు, రెండో బంతిలో ముగ్గురు పడిపోయారు, ఆ ముగ్గురూ పక్కపక్కన కూర్చున్నవాళ్లు కాదు. ఈ నాలుగు ముక్కలూ కాగితం మీద రాసుకుంటే విచారణ తనంతట తానే నడుస్తుంది. వంటాయన్ని నిలదీస్తే, "ఆయ్, పులుసు నేనే కాచానండి, ముందు నేనే నోట్లో వేసుకున్నానండి, వడ్డించింది మాత్రం పెళ్లివారి కుర్రాడండి" అంటాడు. అక్కడి నుంచి దారి వాళ్లే వెతుక్కుంటారు.

5. నీతి సంగతి: శిక్ష వేయకండి, ఖర్చు చూపించండి

ఇక్కడే చాలా బల్లల దగ్గర గొడవలవుతాయి. మూడో ఎడిషన్‌లో పాలడిన్ అనే ధర్మయోధుడి ప్రవర్తన నియమాల్లో అబద్ధం, మోసంతో పాటు విషం కూడా నిషేధమే. 2003లో వచ్చిన అనుబంధ పుస్తకం ఒకటి ఇంకో అడుగు వేసి, అనవసరమైన బాధ పెడుతుంది కాబట్టి విషం వాడటమే దుర్మార్గమంది. అనేసి, చెడ్డవాళ్ల మీద మాత్రమే పనిచేసే విషంలాంటి పదార్థాల్ని మంచివాళ్ల కోసం వేరే పేరుతో ఇచ్చింది. చెడ్డవాడికి బాధ ఉండదా? రూల్‌తో నీతి రాయబోతే ఇలాంటి అతుకులే మిగులుతాయి.

మన దగ్గరా ఒక్క మాట లేదు. యుద్ధంలో విషం పూసిన బాణాలు వాడొద్దని మనుస్మృతి ఏడో అధ్యాయం అంటుంది. అర్థశాస్త్రమేమో శత్రువు మీద విషప్రయోగానికి అధ్యాయాలే కేటాయించింది. ఈ ఇద్దర్నీ మీ లోకంలో రెండు పాత్రలుగా పెట్టండి, ఒక సేనాపతి, ఒక గూఢచారి. ఇద్దరూ రాజుకి నమ్మినవాళ్లే, ఇద్దరి మాటా సబబుగానే ఉంటుంది.

నా లెక్కలో విషాన్ని కత్తి నుంచి వేరు చేసేది బాధ కాదు. కత్తిపోటుకి బాధ తక్కువా? విషం ఎప్పుడూ ఒకరి నమ్మకంలోంచి నడిచి వెళ్తుంది. వంటమనిషి, నీళ్లు మోసే పిల్ల, మందిచ్చే వైద్యుడు, పక్కన కూర్చుని తినిపించే మనిషి. చంపినవాడు వాళ్లలో ఒకరి చేతిని అరువు తీసుకుంటాడు. అందుకని ఆటగాళ్లు విషం పెడతామన్నప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: ఎవరి చేతి మీదుగా వెళ్తుంది? గురి పెట్టినవాడు కాక ఇంకెవరు తినొచ్చు? తెల్లారాక నింద ఎవరి మీద పడుతుంది? జవాబులు రాసుకోండి. అడ్డు చెప్పకండి.

తర్వాత ఆ జవాబులు నిజం చేయండి. విలన్ రొయ్యల చెరువులో మందు కలిపి వాడి నడుం విరిచారనుకోండి. ఆ చెరువు నీళ్లు పంటకాలువలోకి వదిలారు, దిగువన ఊరి పశువులు తాగాయి. ప్రభువుని విందులో పడగొట్టారనుకోండి. మర్నాటి నుంచి ఊళ్లో ప్రతి పూటకూళ్లింట్లోనూ "ముందు మీరు తాగండి బాబూ" అంటారు. పాత్రల చేతి వంట ఎవరూ ముట్టరు. నమ్మకం అనే ఒక అంకె రాసుకుని, ఊరికి 5తో మొదలుపెట్టి, విషం సంగతి పొక్కిన ప్రతిసారీ 2 తగ్గించండి. 0కి వస్తే ఆ ఊళ్లో వాళ్లకి మంచినీళ్లు కూడా పుట్టవు. పాత్ర షీటు మీద 'దుర్మార్గుడు' అని రాయడం కంటే ఇది గట్టిగా తగులుతుంది.

మూడో ప్రశ్న దగ్గర ఒక జాగ్రత్త. మన ఊళ్లలో 'మందు పెట్టింది' అనే మాట ఎవరి మీద పడుతుందో తెలిసిందే. కొత్త కోడలు, ఒంటరి ముసలమ్మ, ఎవరూ అండ లేనివాళ్లు. మీ కథలో ఊరు వాళ్లనే అనుమానించొచ్చు, అది నిజాయితీ. చివరికి ఆ అనుమానమే నిజమని తేల్చకండి. పాత మూఢనమ్మకానికి డైస్‌తో ముద్ర వేసినట్టవుతుంది.

విషం పెట్టడం కంటే విరుగుడు ఆపడం ఇంకా పెద్ద చిక్కు. ఆటల్లో దీన్ని ఎవరూ సరిగా వాడుకోరు. మన రాజమండ్రిలో కూర్చుని నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వంలో పరీక్షిత్తు కథ చూడండి. తక్షకుడి కాటుతో ఏడు రోజుల్లో పోతావని శాపం. అంటే గడువు కాగితం గీసేశారన్నమాట. రాజు ఒంటిస్తంభం మేడ కట్టుకుని కాపలా పెట్టుకున్నాడు. విషం విరిచే విద్య తెలిసిన కాశ్యపుడు కాపాడటానికి బయల్దేరాడు. దారిలో తక్షకుడు ఎదురై మర్రిచెట్టుని కాటేసి బూడిద చేస్తే, కాశ్యపుడు దాన్ని మళ్లీ చిగురింపజేశాడు. విద్యలో గెలవలేనని తెలిసి తక్షకుడు బేరం పెట్టాడు. రాజు ఇచ్చేదానికంటే ఎక్కువ ధనం నేనిస్తాను, వెనక్కి వెళ్లిపో అన్నాడు. రాజుకి ఆయువు తీరిందని దివ్యదృష్టితో తెలుసుకుని కాశ్యపుడు డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాతే పండులో పురుగై వచ్చిన తక్షకుడి కాటు.

కాశ్యపుడు తప్పు చేశాడా? "ఎలాగూ పోయేవాడే" అన్నది కారణమా, సాకా? ఈ ఘట్టాన్ని మీ ఆటలో పెట్టి, కాశ్యపుడి చోట ఆటగాళ్లని నిలబెట్టండి. చేతిలో ఒకే ఒక్క విరుగుడు, అవతల పడి ఉన్నది వాళ్లని రెండుసార్లు మోసం చేసిన దొర, కాగితం మీద నాలుగు గడులు నిండాయి, పక్కన ఒకడు బంగారం మూట విప్పాడు. వాళ్లు మాట్లాడుకుంటున్నంతసేపూ విడతలు గడుస్తూనే ఉండాలి. గడియారం చూసి, నిజంగా పది నిమిషాలకి ఒక విడత అనేయండి. తేల్చుకోకపోవడం కూడా ఒక జవాబే అవుతుంది.

6. సీసా మిగిలితే

విలన్ ఓడిపోయాక అతని గదిలో సగం సీసా దొరుకుతుంది, దొరికి తీరుతుంది, ఆటగాళ్లు వెతుకుతారు కాబట్టి. రాక్షసుడు చస్తే వాడి కోరలు కోసి విషం పిండుతామంటారు. కాదనకండి. పిండినవాడు వైద్యం తెలిసినవాడైతే ఒక రోల్, లేకపోతే రెండు. గాజు సీసాలో పోసి ఉంచితే ఒక పక్షం నిలుస్తుంది, ఆ తర్వాత నీళ్లే. పడవ ప్రయాణంలో పెట్టె తిరగబడితే పగిలిందో లేదో డైస్ చెబుతుంది. రేవులో తనిఖీ ఉంటే ఎవరి మూటలో ఉందో ముందే చెప్పించి రాసుకోండి, తర్వాత "నా దగ్గర లేదు" అనే వాదనలు ఉండవు. పూస్తున్నప్పుడు ఇరవై ముఖాల డైస్ మీద 1 పడితే ఏం జరుగుతుందో కూడా ఆట మొదలుకాకముందే చెప్పేయండి. నేనైతే కొత్త కాగితం మీద ఆరు గడులు గీసి, పైన వాడి పేరే రాస్తాను.